హైదరాబాద్ నుంచి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? మీరే లెక్క వేసుకోండి

హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత దూరమో ఫోన్‌లో వెతికితే ఒకచోట 1,265 అని వస్తుంది, ఇంకోచోట దాదాపు 1,580 అని, మరోచోట 683 అని. మూడూ తప్పు కాదు. మొదటిది విమానం దారి, కిలోమీటర్లలో. రెండోది రోడ్డు దారి. మూడోది అదే విమాన దూరం, కానీ నాటికల్ మైళ్లలో. సమయం సంగతీ అంతే. ఒక సైట్ గంటా నలభై నిమిషాలు అంటుంది, టికెట్ మీద రెండుంబావు గంటలు ఉంటుంది, కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసి కరోల్‌బాగ్‌లో హోటల్ గది తలుపు తీసేసరికి ఆరేడు గంటలు గడిచిపోతాయి.

ఒక కాగితం, ఫోన్‌లో క్యాల్కులేటర్ ఉంటే ఈ లెక్కలన్నీ పది నిమిషాల పని. అన్నిట్లోకీ మనకు నిజంగా పనికొచ్చేది చివరి లెక్క, అంటే తలుపు నుంచి తలుపు దాకా పట్టే సమయం. దానికోసమే మిగతావన్నీ. కాబట్టి వరుసగా వెళ్దాం.

1. ఏ విమానాశ్రయమో ముందు తేల్చుకోండి

ఊరి పేరు కొట్టి వెతకొద్దు. విమానాశ్రయానికి ఉండే మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ విమానాశ్రయం కోడ్ హెచ్‌వైడీ. పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. దూరాలు చెప్పే కొన్ని సైట్లు మనం అడగకపోయినా అక్కడికి వెళ్లిపోతాయి. వచ్చిన అంకె వింతగా అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఇంకొన్ని సైట్లు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక, ఊళ్లోనే ఉన్న పాత బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఈ రెండు విమానాశ్రయాల మధ్య గాల్లో గీత గీస్తే సుమారు 24 కిలోమీటర్లు. ఢిల్లీ దూరంలో ఈ తేడా పెద్దగా తెలియదు కానీ విజయవాడ లాంటి దగ్గరి ఊళ్లకు లెక్క మారిపోతుంది.

అవతలి ఊరి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోవానే తీసుకోండి. అక్కడ రెండు విమానాశ్రయాలు. దాబోలిమ్ పాతది, కోడ్ జీఓఐ. మోపా కొత్తది, 2023 జనవరి నుంచి నడుస్తోంది, కోడ్ జీఓఎక్స్. శంషాబాద్ నుంచి గాల్లో చూస్తే రెండింటికీ తేడా ఇరవై కిలోమీటర్ల లోపే, మోపానే కాస్త దగ్గర. కానీ మీరు దిగాల్సింది దక్షిణ గోవాలోని పాలోలెం బీచ్ దగ్గరైతే మోపా నుంచి కారులో రెండు గంటలకు పైనే పడుతుంది. కలంగూట్ వైపైతే మోపాతో ఇబ్బంది లేదు. టికెట్ మూడు వందలు తక్కువని మోపాకు కొని, టాక్సీకి మూడు వేలు పోసేవాళ్లు చాలామందే ఉంటారు.

ముంబైకి ఇప్పుడు నవీ ముంబై కూడా తోడైంది. విశాఖ టికెట్ కొనేటప్పుడు అది ఊళ్లో ఉన్న పాత విమానాశ్రయమా, భోగాపురమా చూసుకోండి. ఢిల్లీ ఇందిరా గాంధీ విమానాశ్రయంలోనే టెర్మినల్ 1కీ 3కీ మధ్య కొన్ని కిలోమీటర్ల రోడ్డు ఉంది. టెర్మినల్ నంబర్ టికెట్ మీదే ఉంటుంది, చదవడానికి బద్ధకించొద్దు.

2. దూరం కొలవండి

విమానం పటంలో గీసిన గీత మీద పోదు, గోళం మీద పోతుంది. పుచ్చకాయ మీద రెండు చోట్ల వేళ్లు పెట్టి మధ్యలో దారాన్ని బిగుతుగా లాగితే అది ఎక్కడ ఆనుతుందో అదే అతి దగ్గరి దారి. విమాన దూరం అని ఎవరు చెప్పినా దాదాపుగా ఈ దూరమే. పటంలో లండన్ విమానం అనవసరంగా ఉత్తరానికి వంగి పోతున్నట్టు కనిపించేది కూడా ఇందుకే. గుండ్రటి భూమిని కాగితం మీద పరచడం వల్ల తిన్నని దారి వంకరగా కనిపిస్తుంది.

మన దేశంలోని ఊళ్లకైతే దీన్ని చేత్తోనే లెక్క కట్టొచ్చు. పదో తరగతి పైథాగరస్ గుర్తుంటే చాలు. విశాఖతో చేసి చూపిస్తాను.

శంషాబాద్ ఉన్నది 17.24 డిగ్రీల అక్షాంశం, 78.43 డిగ్రీల రేఖాంశం దగ్గర. విశాఖ పాత విమానాశ్రయం 17.72, 83.22 దగ్గర. అక్షాంశాల తేడా 0.48. ఒక డిగ్రీ అక్షాంశం అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తరం వైపు 53 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.79. ఇక్కడ చిన్న మెలిక ఉంది. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి, అందుకని 111ను రెండు ఊళ్ల అక్షాంశాల సగటుకు వచ్చే కొసైన్‌తో గుణించాలి. సగటు పదిహేడున్నర డిగ్రీలు, దాని కొసైన్ 0.954. అంటే ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106 కిలోమీటర్లు. 4.79ను 106తో గుణిస్తే తూర్పు వైపు 508. ఇప్పుడు 53 వర్గం, 508 వర్గం కలిపి వర్గమూలం తీయండి. 511 వస్తుంది. సైట్లు చూపించేదీ ఇంచుమించు ఇదే.

క్యాల్కులేటర్‌లో కొసైన్ మీట కనిపించకపోతే ఫోన్‌ను అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో వస్తుంది. డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి, రేడియన్‌లో ఉంటే అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి.

ఇదే పద్ధతిలో ఢిల్లీ 1,265 దగ్గరికి వస్తుంది. ముంబై సుమారు 623, బెంగళూరు 455, చెన్నై 505, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట 417, రాజమండ్రి 360, విజయవాడ వాళ్ల గన్నవరం 264. వీటిని ఒక చీటీ మీద రాసిపెట్టుకుంటే మళ్లీ వెతకక్కర్లేదు.

రెండు వేల కిలోమీటర్లు దాటితే ఈ చేతిలెక్కలో తేడా పెరుగుతుంది. అప్పుడు గూగుల్ మ్యాప్స్‌లో శంషాబాద్ రన్‌వే మీద వేలు నొక్కిపెట్టి, కింద వచ్చే ‘దూరం కొలవండి’ని నొక్కి, గుర్తును అవతలి విమానాశ్రయం దాకా జరపండి. అది గోళం మీది దూరమే చూపిస్తుంది. దుబాయ్‌కి 2,550 దగ్గర, సింగపూర్‌కు 3,300 దగ్గర, లండన్ హీత్రోకు 7,750 దగ్గర రావాలి.

కొలమానం కూడా చూసుకోండి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. విమానయానం వాళ్లు లెక్కలన్నీ నాటికల్ మైళ్లలోనే చేస్తారు. కాబట్టి అంకె మరీ చిన్నగా ఉంటే దాన్ని 1.852తో గుణించి చూడండి.

3. దూరాన్ని సమయంగా మార్చండి

చాలా సైట్లు బోల్తా పడేది ఇక్కడే. దూరాన్ని గంటకు 800తోనో 900తోనో భాగించి అదే విమాన సమయం అనేస్తాయి. విమానం ఆ వేగంతో పోయేది పైకి చేరుకున్నాక మాత్రమే.

నేను వాడే లెక్క ఇది: వంద కిలోమీటర్లకు ఏడున్నర నిమిషాలు, మొత్తం మీద ఇంకో నలభై నిమిషాలు. ఢిల్లీకి 12.65ను ఏడున్నరతో గుణిస్తే 95, నలభై కలిపితే 135 నిమిషాలు. అంటే రెండుంబావు గంటలు, టికెట్ మీద ఉండేదీ దాదాపు అంతే. ముంబైకి 47కు నలభై కలిపితే గంటన్నరకు కాస్త తక్కువ. విశాఖకు 38కి నలభై కలిపితే గంటా పద్దెనిమిది నిమిషాలు. దుబాయ్‌కి మూడు గంటల యాభై.

ఆ నలభై ఎక్కడిది అంటే, టికెట్ మీది సమయం గాల్లో ఉన్న సమయం కాదు. విమానం బే నుంచి, అంటే నిలిపి ఉంచే చోటు నుంచి, వెనక్కి కదిలిన క్షణం మొదలు అవతల మళ్లీ బేలో ఆగే దాకా లెక్కపెడతారు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడానికి పది, పదిహేను నిమిషాలు. ముందు నాలుగు విమానాలు వరుసలో ఉంటే ఇంకాస్త. లేచాక, దిగే ముందు, పదివేల అడుగుల కింద ఉన్నంతసేపూ వేగం తగ్గించే నడపాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి, గాలి తూర్పు నుంచి వీస్తున్న రోజు ముంబై విమానం కూడా ముందు తూర్పుకే లేచి, తర్వాత పడమరకు తిరుగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఇది చూసి ‘ఇదేంటి, విజయవాడ వైపు పోతోంది’ అనుకోవడం మామూలే. దిగాక ఢిల్లీ లాంటి చోట రన్‌వే నుంచి గేటు దాకా రావడానికే పావుగంట పడుతుంది.

పైగా విమాన సంస్థలు కొంచెం ఎక్కువే వేసుకుంటాయి. ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం సమయానికే దిగింది అని మైకులో గొప్పగా చెబుతారు చూడండి, దాని వెనక ఉన్నది చాలాసార్లు పైలట్ వేగం కాదు, ముందే కలిపిపెట్టిన ఈ నిమిషాలు.

పంకాలు తిరిగే చిన్న విమానమైతే వేరే లెక్క. రాజమండ్రి, విజయవాడ, తిరుపతి లాంటి ఊళ్లకు ఏటీఆర్ విమానాలు నడుస్తుంటాయి. ఇవి గంటకు 500 కిలోమీటర్ల ప్రాంతంలో పోతాయి. వీటికి వందకు పన్నెండు నిమిషాలు, పైన ముప్పై వేసుకోండి. రాజమండ్రికి 43కు ముప్పై కలిపితే గంటా పదమూడు. జెట్ అయితే ఇదే దూరం గంటా ఏడు. అంటే దగ్గరి ఊళ్లకు జెట్ అని సంబరపడటానికి పెద్దగా ఏమీ లేదు. ఏ విమానమో టికెట్ కొనేటప్పుడే విమానం నంబర్ పక్కన రాసి ఉంటుంది.

ఐదు వేల కిలోమీటర్లు దాటే ప్రయాణాలకు పెద్ద విమానాలు వాడతారు, అవి కాస్త వేగంగా పోతాయి. వందకు ఏడు నిమిషాలు వేసుకుంటే లండన్‌కు తొమ్మిది గంటల నలభై వస్తుంది. నిజంగా పట్టేది దానికంటే కొంచెం ఎక్కువే, ఎందుకో కింద చెబుతాను.

4. గాలి, పొగమంచు, మూసేసిన దారులు

చలికాలంలో ఉత్తర భారతం మీద, తొమ్మిది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు గట్టి గాలి వీస్తుంటుంది. విమానాలు తిరిగేదీ ఆ ఎత్తులోనే. అందుకే దుబాయ్ వెళ్లేటప్పుడు పట్టినంతసేపు వచ్చేటప్పుడు పట్టదు. పావుగంట నుంచి అరగంట దాకా తేడా ఉంటుంది. పడమరకు పోతే కలపండి, తూర్పుకు పోతే తీసేయండి. ఢిల్లీ మనకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది కాబట్టి ఈ గాలి తేడా అంతగా పట్టించుకోనక్కర్లేదు.

ఢిల్లీకి అసలు బెడద పొగమంచు. డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా తెల్లవారుజామున, పొద్దున్నే దిగే విమానాలను నమ్ముకుని మధ్యాహ్నం పెళ్లికో ఇంటర్వ్యూకో టైమ్ పెట్టుకోవద్దు. ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం దిగే విమానం కొనుక్కోండి, టెన్షన్ ఉండదు. లేదా ముందురోజే వెళ్లిపోండి.

దేశాల మధ్య గొడవలు కూడా దూరాన్ని మారుస్తాయి. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ భారతీయ విమానాలకు మూసేసింది. అలాంటప్పుడు యూరప్ వైపు వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాలి. గోళం మీది దూరం మారదు, విమానం తిరిగే దూరం మాత్రం పెరుగుతుంది. లండన్ లెక్కకు అరగంట, ముప్పావు గంట అదనంగా వేసుకోమనేది అందుకే.

5. టికెట్ మీది సమయాలు, తేదీలు చదవండి

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో పదింటికి లేచి దుబాయ్‌లో 12:20కి దిగుతుంది అని ఉంటే, రెండు గంటల ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతాం అనుకోకండి. గంటన్నర కలిపితే మూడు గంటల యాభై, మన లెక్కకు సరిగ్గా సరిపోయింది. తిరుగు ప్రయాణంలో అదే గంటన్నర తీసేయాలి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. లండన్ చలికాలంలో ఐదున్నర గంటలు వెనక, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నరే.

దీనికంటే ఎక్కువమందిని ముంచేది తేదీ. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కూ యూరప్‌కూ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లారేలోపు లేస్తాయి. టికెట్ మీద 15వ తేదీ, 02:40 అని ఉంటుంది. మన మాటల్లో, మన పంచాంగంలో, సూర్యోదయం అయ్యేదాకా నిన్నటి రోజే. విమాన సంస్థకు మాత్రం పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. 15న రాత్రి భోంచేసి తీరిగ్గా బయల్దేరితే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. 14వ తేదీ రాత్రి పదింటికే ఇంట్లోంచి కదలాలి. ఇంట్లో క్యాలెండర్ మీద 15 చుట్టూ గుండ్రం చుట్టకుండా, 14 గడిలో ‘రాత్రి 10, ఎయిర్‌పోర్ట్’ అని రాసుకోండి. సాగనంపడానికి వచ్చే బావకూ మామయ్యకూ కూడా అదే తేదీ చెప్పండి, 15 అని మాత్రం చెప్పొద్దు.

వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునే ఇళ్లలో ఇంకో మాట. ఇంట్లోంచి అడుగు బయటపెట్టే సమయానికి చూసుకోండి. విమానం లేచే సమయానికి చూడటం దండగ, అది మన చేతిలో లేదు. బయలుదేరాల్సిన సమయం వర్జ్యంలో పడితే దానికంటే ముందే బయల్దేరండి, ఆలస్యం మాత్రం చేయకండి.

6. ఇంటి నుంచి గేటు దాకా, వెనక నుంచి లెక్క

ఇక అసలు లెక్క. దీన్ని ముందు నుంచి కాకుండా విమానం లేచే సమయం నుంచి వెనక్కి కట్టాలి.

దేశంలోపల ప్రయాణాలకు బోర్డింగ్ గేటు సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు, సామాను తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. కాబట్టి సూట్‌కేసు ఇవ్వాల్సి ఉంటే విమానం లేవడానికి రెండు గంటల ముందు టెర్మినల్ తలుపు దగ్గర ఉండండి. చేతి సంచీ ఒక్కటే ఉండి, వెబ్ చెక్-ఇన్ అయిపోయి, ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర యాప్ కూడా ఉంటే గంటన్నర చాలు. విదేశాలకైతే మూడు గంటలు.

ఇంటి నుంచి శంషాబాద్ దాకా ఎంత అనేది మీరు ఏ మూల ఉంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. గచ్చిబౌలి వాళ్లు అదృష్టవంతులు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నలభై నిమిషాల్లో వచ్చేస్తారు. మెహదీపట్నం వాళ్లకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. ఆ 11.6 కిలోమీటర్ల వంతెన నేరుగా ఆరాంఘర్ దగ్గర దింపుతుంది, వాళ్లకూ ముప్పావు గంట లోపే. ఎల్‌బీ నగర్ నుంచి కూడా దాదాపు అంతే. కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్లు గంటా పావు వేసుకోవాలి. సికింద్రాబాద్, తార్నాక, మల్కాజిగిరి నుంచి ఊరు దాటి రావాలి కాబట్టి గంటన్నర. ఇవి మామూలు రోజుల మాట. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్య అయినా, వాన పడుతున్నా ఇంకో అరగంట కలపండి. వినాయక నిమజ్జనం రోజైతే ఔటర్ మీదుగా తప్ప రావొద్దు.

బైక్ మీద ఎవరైనా దింపుతామంటే ఎక్స్‌ప్రెస్‌వే మీదా, ఔటర్ మీదా ద్విచక్ర వాహనాలను రానివ్వరని గుర్తుంచుకోండి. కింద రోడ్డున రావాలి, ఆలస్యం అవుతుంది. నా ఓటు ఆర్టీసీ పుష్పక్ బస్సుకే. తెల్లవారుజామున క్యాబ్ బుక్ చేసి, అది వస్తుందో క్యాన్సిల్ అవుతుందో అని బాల్కనీలో నిలబడే కంటే బస్సు నయం. ఎక్కే స్టాప్‌కు ముందు బస్సు ఎన్నింటికో మాత్రం ముందురోజే చూసుకోండి.

ఇప్పుడు మొత్తం కలుపుదాం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డ్ కాలనీ నుంచి విశాఖ ఎంవీపీ కాలనీకి వెళ్లాలి, విమానం పదింటికి. టెర్మినల్ దగ్గర ఎనిమిదింటికి ఉండాలి, కాబట్టి ఇంట్లోంచి 6:45కి కదలాలి. 11:18కి విమానం ఆగుతుంది. దిగి, బెల్ట్ దగ్గర సూట్‌కేసు తీసుకునేసరికి 11:45. ఆటోనో క్యాబో దొరికి ఇంటికి చేరేసరికి 12:30. మొత్తం ఐదు గంటల ముప్పావు. అందులో విమానంలో గడిపింది గంటా పావు చిల్లర.

సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందే భారత్ రైలు 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. స్టేషన్‌కు వెళ్లే గంట, ముందుగా ఉండే ఇరవై నిమిషాలు, అవతల ఇంటికి చేరే అరగంట కలిపితే పదింబావు పైనే. విమానంతో మిగిలేది నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటలకు టికెట్ తేడా ఎంతో చూసి మీరే నిర్ణయించుకోండి. రాత్రి రైలుతో పోల్చాలంటే వేరే సంగతి. పడుకుని లేచేసరికి అన్నవరమో తునో వచ్చేస్తుంది, పగలు వృథా కాదు.

విజయవాడ విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు. ఏటీఆర్ లెక్కన విమానంలో గంటా రెండు నిమిషాలు. కానీ ఎల్‌బీ నగర్ నుంచి శంషాబాద్‌కు ముప్పావు గంట, అక్కడ రెండు గంటలు, గన్నవరంలో సామానుకు ఇరవై నిమిషాలు, ఊళ్లోకి రావడానికి ఇంకో ముప్పావు గంట. దాదాపు ఐదు గంటలు అయింది. ఎల్‌బీ నగర్ నుంచి జాతీయ రహదారి ఎక్కి, సూర్యాపేటలో టీ తాగి, కారులో వెళ్లినా అంతే పడుతుంది. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగే రెండు మూడు రోజులు తప్పిస్తే, హైదరాబాద్ తూర్పున ఉండేవాళ్లు విజయవాడకు విమానం ఎక్కడంలో నాకైతే అర్థం కనిపించదు. వేరే దేశం నుంచి వచ్చి శంషాబాద్‌లోనే విమానం మారేవాళ్లకు అది బాగానే ఉంటుంది.

7. మధ్యలో విమానం మారితే

నేరుగా విమానం లేనప్పుడు రెండు ముక్కలనూ విడివిడిగా లెక్కకట్టి, మధ్యలో ఆగే సమయం కలపండి. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే అది మీ నెత్తినే. అలా కొన్నప్పుడు దేశంలోపల కనీసం మూడు గంటలు, ఢిల్లీలో టెర్మినల్ మారాలంటే నాలుగు గంటలు మధ్యలో వదలండి. విదేశం నుంచి వచ్చేటప్పుడు ఇండియాలో ముందు దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఉంటాయి. మామూలుగా సామాను అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. ముంబైలో దిగి హైదరాబాద్ విమానం పట్టుకోవడానికి గంటన్నర చాలనుకుంటే గుండె దడే.

8. ఆ రోజు పొద్దున

విమానం నంబర్‌ను ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో వేసి చూడండి. అందులో ముఖ్యంగా చూడాల్సింది మీ విమానం సమయం కాదు, మీరు ఎక్కబోయే విమానం ప్రస్తుతం ఎక్కడుంది అన్నది. పదింటికి మీరు ఎక్కాల్సింది 9:10కి కూడా ఇంకా బెంగళూరులోనే ఉంటే, సంస్థ ఏమీ చెప్పకపోయినా మీకు ఆలస్యం ఖాయం. ఆ ధైర్యంతో ఇంట్లోంచి ఆలస్యంగా మాత్రం బయల్దేరకండి. వేరే విమానం పెట్టేస్తే కౌంటర్ అదే సమయానికి మూస్తారు.

ఆలస్యమైతే, పైన లెక్కకట్టిన బ్లాక్ టైమ్ ఇక్కడ ఒక పనికొస్తుంది. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు ఆలస్యం రెండు గంటలు దాటేలా ఉంటే, సమయానికి చెక్-ఇన్ అయినవాళ్లకు సంస్థ తిండి, టీ లాంటివి ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటలు, అంతకన్నా పెద్ద ప్రయాణానికి నాలుగు గంటలు. అంటే ఢిల్లీ విమానం రెండు గంటలు ఆలస్యమైతే అడగొచ్చు, దుబాయ్ విమానానికి మూడు దాకా ఆగాలి. కౌంటర్ దగ్గర గొడవ పడకుండా ‘కూపన్ ఎక్కడ ఇస్తున్నారండీ’ అని అడిగితే చాలు. ఆలస్యం ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరవచ్చు.

ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తుంటే లెక్క తిరగేయండి. దేశంలోపలి విమానమైతే యాప్‌లో దిగింది అని కనిపించాక మెహదీపట్నంలో కారు తీసినా సరిపోతుంది. వాళ్లు దిగి, నడిచి, బెల్ట్ దగ్గర నిలబడి బయటికి వచ్చేసరికి అరగంట పైనే పడుతుంది. కూకట్‌పల్లి వాళ్లు విమానం దిగడానికి అరగంట ముందు బయల్దేరండి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వస్తున్న పిన్ని కోసమైతే, దిగాక ఇమిగ్రేషన్ క్యూ, నాలుగు పెట్టెలు, ట్రాలీ అన్నీ కలిపి గంటకు తక్కువ వేసుకోకండి. ముందే వెళ్లి కూర్చుంటే పార్కింగ్ రుసుము మీదే.